నేను నా స్వస్థత సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్న శుక్రవారం

ఆ ఉదయం కీరా కాయలు కోద్దామని కత్తెర పట్టుకుంటే నా వేళ్లు ముడుచుకోలేదు. నొప్పి కంటే ముందు వచ్చింది ఆ బిగుతు. రెండు చేతులకూ ఒకేలా ఉంది. వేడినీళ్లలో చాలాసేపు ముంచితే గాని వదల్లేదు. మాది కోనసీమ. కువైట్‌లో వఫ్రా దగ్గర ఒక తోటలో గ్రీన్‌హౌస్ పని చేస్తాను. చేతులు పనికిరాకపోతే ఇంటికి పంపేస్తారన్న భయంతో ఎవరికీ చెప్పలేదు.

కొన్ని వారాలకు మణికట్లు వాచాయి. చొక్కా గుండీలు కూడా పక్క మంచం అతను పెట్టాల్సి వచ్చింది. అప్పుడు జీవరత్నం అన్న దగ్గరకు వెళ్లాను.

ఇఖామాలో, అంటే కువైట్ నివాస కార్డులో, ఆయన ట్రాక్టర్ డ్రైవరు. ఊళ్లో మాత్రం ఏళ్ల తరబడి ఆర్.ఎం.పి. పెద్ద చదువు లేదు గాని చెయ్యి మంచిదని పేరు. వఫ్రాలో మా తెలుగువాళ్లకు ఆయనే డాక్టరు. పని అయ్యాక సంచి భుజాన వేసుకుని తోట తర్వాత తోట నడిచేవారు. పార దిగిన కాలికి కుట్లు వేశారు. జ్వరంతో మూలుగుతున్నవాడి పక్కన కూర్చుని గంజి తాగించారు. ఇఖామా గడువు దాటి క్లినిక్‌కు వెళ్లలేనివాళ్లకు ఆయన తప్ప దిక్కు లేదు. ఇవేవీ అబద్ధాలు కావు. అందుకే తర్వాత జరిగింది నాకు మరింత బాధ కలిగించింది.

ఆయన నా వేళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూశారు.

"వాతంరా తమ్ముడూ. ముందు ప్రార్థన చేసుకుందాం."

చేతులకు నూనె రాసి, కళ్లు మూసుకుని, కన్నీళ్లతో ప్రార్థించారు. తర్వాత సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసి ఇచ్చారు. చిన్న తెల్లమాత్రలు. పైన అట్ట లేదు, పేరు లేదు.

"ఇయ్యేంటన్నా?"

"బలానికి. పొద్దున్నొకటి, సాయంత్రమొకటి ఏస్కో. స్వస్థత ఇచ్చేది ప్రభువే."

మూడో రోజుకి నా చెయ్యి మళ్లీ పిడికిలి పట్టగలిగింది.

మా కూడిక శుక్రవారాల్లో ఒక షెడ్డులో జరుగుతుంది. అక్కడ మేలు పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పడం మా ఆనవాయితీ. నేను చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో పెరిగినవాణ్ణి, వాక్యం నోటికి వచ్చినవాణ్ణి. లేచి రెండు చేతులూ పైకెత్తి పిడికిళ్లు ముడిచి చూపించాను. "ఏ మందూ లేకుండా ప్రభువే నన్ను ముట్టాడు" అన్నాను. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ముందు వరుసలో కూర్చున్న జీవరత్నం అన్నే.

ఒకసారి పొట్లం అయిపోయి రెండు రోజులు మాత్రలు మానేస్తే వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. అనుమానం రావాలి. నిజానికి వచ్చింది. కాని అప్పటికే సాక్ష్యం చెప్పేశాను. ఆ మాత్రల గురించి అడగడమంటే దేవుణ్ణి అనుమానించడమే అనిపించింది. ఇంకో పొట్లం తెచ్చుకుని ఊరుకున్నాను.

నెలలు గడిచాయి. ముఖం గుండ్రంగా ఉబ్బింది. "బ్రదర్‌కి ఆశీర్వాదం బుగ్గల్లో కనపడతంది" అని కూడికలో నవ్వేవారు. పొట్ట మీద ఊదారంగు చారలు వచ్చాయి. గిల్లినా చర్మం కమిలేది. దాహం, మాటిమాటికీ మూత్రం. అన్నని అడిగితే "ఎండలో పని కదరా, నీళ్లు ఎక్కువ తాగు" అన్నారు.

ఆయన సెలవు మీద ఇండియా వెళ్లారు. పొట్లాలు అయిపోయాయి. ఐదో రోజు నేను గ్రీన్‌హౌస్‌లో వాంతి చేసుకుని పడిపోయాను. తోటవాళ్లు కారులో ఫర్వానియా ఆసుపత్రికి తీసుకెళ్లారు.

పడిపోయిన BP చూసి నర్సు వెంటనే డాక్టర్ని పిలిచింది. ఆయన ఈజిప్టు మనిషి. Saline పెట్టించారు, blood tests, ECG, X-ray చేయించారు. Infection ఏదో ఉందేమోనని antibiotic కూడా ఇచ్చారు. నా ముఖం, పొట్ట మీది చారలు చాలాసేపు చూసి అడిగారు.

"You take cortisone? Any steroid? Tablet, injection?"

"నో మెడిసిన్ సర్. ఓన్లీ ప్రేయర్" అన్నాను.

మరుసటి రోజు మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాను. అబద్ధమాడుతున్నానని నాకు తెలియదు. తెలియకూడదని నేనే జాగ్రత్తపడ్డాను. BP పెరగడం లేదు. కళ్లు తెరిస్తే మంచం తిరుగుతోంది.

ఆ వార్డులో కరుణ అనే తెలుగు సిస్టర్ ఉన్నారు, రాజోలు వైపువారు. రెండో రోజు మధ్యాహ్నం ఆవిడ కర్టెన్ లాగి, మంచం అంచున కూర్చున్నారు.

"మనూరోళ్లే కదండీ మీరు. నిజం చెప్పండి. ఏం మింగుతున్నారు?"

"ఏం లేదమ్మా. బలం మాత్రలు."

"ఎవరిచ్చారు?"

నేను దుప్పటి మీదికి లాక్కున్నాను.

"చూడండి బ్రదర్, నేనూ ప్రార్థన చేసేదాన్నే. మీరు దాస్తే దేవుడికేం నష్టం లేదు. పోయేది మీరే."

నా సంచిలో ఒక ఖాళీ కాగితం మిగిలి ఉంది. దాని మడతలో విరిగిన మాత్ర ముక్క ఒకటి. ఆవిడ దాన్ని డాక్టర్‌కి చూపించారు. అప్పటికే పంపిన cortisol రక్తపరీక్ష రిపోర్టు కూడా వచ్చింది.

"Very low," అన్నారు డాక్టరు. మిగతాది సిస్టర్ తెలుగులో చెప్పారు. "నీ adrenal గ్రంథి నిద్రపోయింది. బయటి నుంచి steroid వస్తుంటే అది పని మానేసింది. నువ్వు ఒక్కసారిగా ఆపేశావు. ఇంకొక్క రోజైతే khalas, అంతే."

Hydrocortisone ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి నేను లేచి కూర్చున్నాను. ఆ తర్వాత తేలినవి మరి రెండు: sugar వచ్చింది, DEXA పరీక్షలో ఎముకలు పలచబడ్డాయని చెప్పారు. నా అసలు జబ్బు rheumatoid arthritis, కీళ్లవాతం. అది తగ్గనే లేదు, steroid కింద దాక్కుంది.

"ఎవరిచ్చారు?" అని డాక్టరు కూడా అడిగారు. పేరు చెప్పలేదు. "ఇంకెవరైనా వాడుతున్నారా?" అని అడిగితే మాత్రం కడప నుంచి వచ్చిన శ్రీను గుర్తొచ్చాడు. పక్క తోటలో గొర్రెలు కాస్తాడు. ఆయాసానికి అతనూ అదే పొట్లం వాడుతున్నాడు. అన్న ఇండియాలో ఉన్నారు. శ్రీను పొట్లాలు కూడా అయిపోయి ఉంటాయి.

మంచం మీద నుంచే శ్రీనుకి ఫోన్ చేశాను. ఇంకా వారానికి సరిపడా మాత్రలున్నాయన్నాడు. "ఆపొద్దు, అయిపోకముందే క్లినిక్‌కి పో" అన్నాను. "నీకేమైనా పిచ్చానా? ఆయన ఇచ్చిండేది బలం మందప్పా" అని పెట్టేశాడు.

తర్వాత అన్నకి ఇండియా ఫోన్ చేశాను.

"అది steroid అంట కదన్నా. నీకు తెలుసా?"

"నొప్పి తగ్గిందా లేదా?"

"మరి నేను సాక్ష్యం చెప్తుంటే ఆమేన్ అన్నావెందుకు?"

"మందు లేకుండా తగ్గిందని నేను చెప్పలేదు కదరా ప్రసాదూ. నువ్వు చెప్పావు." తర్వాత గొంతు తగ్గించారు. "నా పేరు ఎక్కడా ఎత్తకు. నాది డ్రైవర్ ఇఖామా. పంపేస్తారు."

నన్ను మోసం చేసింది మాత్ర కాదు. ఆ ఆమేన్. ఆయన నా ఎదుట కూర్చుని, నేను తెలియక దేవుని పేరు మీద అబద్ధం చెప్తుంటే విని, దానికి ముద్ర వేశారు. ఆ రోజు గోడ వైపు తిరిగి ఏడ్చాను. ప్రార్థన నోటికి రాలేదు. నా జీవితంలో అలాంటి రోజు అదొక్కటే.

డిశ్చార్జ్ అయ్యాక పాస్టర్ గారికి అంతా చెప్పి, శుక్రవారం లేచి మాట్లాడతానన్నాను. ఆయన తల పట్టుకున్నారు.

"అయ్యా, బలహీనులు తొట్రిల్లుతారు. నీకు తగ్గింది కదా, చాలు. ఊరుకుందూ."

"ఊరుకుంటే శ్రీను చచ్చిపోతాడండి."

ఆ శుక్రవారం అన్న కూడా తిరిగి వచ్చి ముందు వరుసలోనే కూర్చున్నారు. శ్రీను మా సంఘంవాడు కాకపోయినా భోజనం ఉంటుందని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను లేచాను. వాక్యమేదీ ఎత్తలేదు. "నేను చెప్పిన సాక్ష్యం తప్పు. నా చేతులు లేచింది steroid మాత్రలతో. ప్రభువు నన్ను బతికించిన మాట నిజం, అది ఆసుపత్రిలో. పేరులేని పొట్లం వాడేవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు" అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేకపోయింది. అందరూ ఆయన వైపే చూశారు.

జీవరత్నం అన్న లేచి సంచి తీసుకున్నారు. "నా చేతిలో బతికినోళ్ల మాట ఒక్కడూ ఎత్తడు" అని వెళ్లిపోయారు. ఆ మాటలో కూడా నిజం ఉంది.

వెనక నుంచి ఎవరో "దేవుడి మహిమని మందుబిళ్ల చేసేశాడు" అన్నారు. శ్రీను మాత్రం నా దగ్గరకు వచ్చి చొక్కా ఎత్తి పొట్ట చూపించాడు. అవే ఊదారంగు చారలు.

"నీకూ ఇట్లే వచ్చిండెనా?" అని మెల్లగా అడిగాడు.

మరునాడు అతన్ని క్లినిక్‌కు నేనే తీసుకెళ్లాను. ఇప్పుడు inhaler వాడుతున్నాడు, మాత్రలు మెల్లమెల్లగా తగ్గిస్తున్నారు. "నీ సాక్ష్యం కంటే ఈ బూర నయమప్పా" అని ఏడిపిస్తుంటాడు.

నాకు తేలికగా ఏమీ గడవలేదు. డాక్టరు prednisolone అనే steroid తగ్గించిన ప్రతిసారీ కీళ్లు మళ్లీ మండేవి. ఒకసారి తొందరపడి నేనే తగ్గించుకుంటే మళ్లీ emergencyకి వెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడు కీళ్లకు వారానికోసారి methotrexate, రోజూ sugar మాత్ర. కోత పని నుంచి ప్యాకింగ్‌కి మార్చారు. కూడికకి వెళ్తున్నాను. కొందరు ఇంకా వందనాలు చెప్పరు. అన్నని క్షమించానని ప్రార్థనలో చెప్తున్నాను. ఎదురుపడితే మాత్రం నా కాళ్లు పక్క దారి పడుతున్నాయి. ప్రభువు దీన్ని కూడా బాగుచేయాలి.

ఈ జబ్బు ఉన్నవాళ్లకు చెప్పేది ఒక్కటే. మాత్ర ఇచ్చినవాళ్లు ఎంత భక్తిపరులైనా దాని పేరు అడగండి, పేరున్న అట్టతోనే తీసుకోండి. ఇప్పటికే పొట్లం వాడుతుంటే సొంతంగా ఆపకండి. దాన్ని పట్టుకుని ఆసుపత్రికి వెళ్లి "ఇది మింగుతున్నాను" అని చెప్పండి. ఆ రెండు మాటలు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.