పొద్దుతిరుగుళ్లకు టోపీలు కుట్టిన మామ

మొన్న సోమవారం పొద్దున నేను చాయ్ పెడుతుండగా మా గల్లీలో సాంచాలు ఒకటొకటిగా ఆగిపోయాయి. మా సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటాం. కరెంటు పోయిందనుకొని తలెత్తి చూస్తే ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. అంటే ఎవరో పోయారు. గల్లీలో ఎవరైనా పోతే శవం లేచేదాకా సాంచాలు బంద్ పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. ఇంతలో మా ఆయన లోపలికి వచ్చి, "పక్కింటి మామ పోయిండు. చాయ్ తాగి కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అన్నాడు. స్టవ్ ఆపి అలాగే పరుగెత్తాను.

మామ మాకు చుట్టం కాదు. ఆయన ఇంటికీ మా పెరడుకీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. నలభై ఏళ్లు ఎవరెవరివో సాంచాలు నడిపి, చివరికి ఇంటి వెనక షెడ్డులో రెండు సొంతంగా పెట్టుకున్నాడు. ఈలోపు సాంచాల చప్పుడుకు చెవులు పోగొట్టుకున్నాడు. వీర్నపల్లి దగ్గర పొలం పనుల ఇంట్లో పుట్టి ఈ గల్లీకి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకు నాకు తల పగిలిపోయేది. "నెల దినాలు ఓపిక వట్టు బిడ్డా, అటెనుక చప్పుడు లేకుంటెనే నిద్ర రాదు" అన్నాడు మామ. నెల కాదు, ఏడాది పట్టింది. కానీ ఆయన అన్నట్టే అయింది.

చెవులు పోయినా ఆయనకు తెలియని ముచ్చట గల్లీలో ఉండేది కాదు. సాంచాల దగ్గర పనిచేసేవాళ్లు పెదాలు చూసి మాట పట్టుకుంటారు. మామ అందులో ఆరితేరినవాడు. ఒకసారి అత్త, అంటే మామ భార్య, పంపిన పప్పుచారు గురించి పెరట్లో మా ఆడబిడ్డ చెవిలో గుసగుసలాడాను. షెడ్డు గుమ్మం దగ్గర కుర్చీలోంచి కేక వినపడింది: "ఉప్పు నేనేసిన! మీ అత్తను అనకుండ్రి!" ఆ రోజు నుంచి ఆయన కనబడితే కొంగు అడ్డం పెట్టుకొనే మాట్లాడుకునేవాళ్లం. అయితే ఆయనకు ఏదైనా చెప్పాలంటే మాత్రం నాకు హాయి. గొంతు ఎత్తే పనిలేదు. గుమ్మం వైపు తిరిగి, చప్పుడు లేకుండా పెదాలు కదిపితే చాలు.

మా ఇద్దరి దోస్తీ గట్టిపడింది పొద్దుతిరుగుడు పూలతో. మా అమ్మగారింట్లో ఏళ్లుగా దాచుకున్న విత్తనం అది. కాలువ నీళ్లొచ్చాక మా తమ్ముడు చేనంతా వరి మడులు చేసేశాడు. మిగిలిన పిడికెడు గింజలు అమ్మ నా కొంగున కట్టి, "గిది పోతే మల్ల మనకు దొరకది. పైలం" అంది. అందులో కొన్ని పెరట్లో పెట్టాను. గింజ ముదిరే వేళకు రామచిలుకలు దిగాయి. పువ్వు మీద తలకిందులుగా వేలాడి, ఒక్కొక్క గింజా ఒలుచుకు తిని, పొట్టు నాకు వదిలిపోయాయి. అమ్మకు ఏం చెప్పాలో తెలియక ఏడుపొచ్చింది.

మామ సంగతి తెలుసుకొని చిటికేశాడు. "అచ్చే ఏడు మా షెడ్డు గోడకు ఆనిచ్చి పెట్టు. గంత చప్పుడుకు పిట్ట వాలుడు కల్ల." దాచిన గింజలన్నీ తెచ్చి ఆ గోడ పక్కనే పెట్టాను. ఎనిమిది మొక్కలు లేచాయి. బట్ట నేసే మనిషి మాట పట్టుకొని పంట వేసిన మొనగత్తెను నేనే! రేకులు వాడాయి, గింజ పాలు పోసుకుంది, చిలుకలు వచ్చాయి. లోపల సాంచాలు దడదడలాడుతుంటే బయట అవి పెళ్లి భోజనాలకు కూర్చున్నట్టు కూర్చున్నాయి. మామ మొహం చిన్నబోయింది.

అంతలో కరెంటు పోయింది. సాంచాలు ఠక్కున ఆగాయి. చిలుకలు కీచుమని అరుస్తూ లేచి, ఒక్కటి మిగలకుండా పారిపోయాయి. మామ కాసేపు బిత్తరపోయి చూసి, పొట్ట పట్టుకొని నవ్వాడు. "గివి మన సిరిసిల్ల చిలుకలే బిడ్డా! చప్పుడుంటే తింటయి, చప్పుడు బందైతే బుగులు వడ్తయి." నవ్వు ఆగాక, "నేను గూడ గంతే" అన్నాడు మెల్లగా. ఆర్డర్లు లేక నెలలకు నెలలు సాంచాలు మూగబోయిన రోజులు చూసినవాడు ఆయన. ఆ రోజుల్లో ముద్ద దిగేది కాదని అత్త చెప్పింది.

ఆ తర్వాత మామ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. చిలుకలు వాలినప్పుడల్లా నేను గుమ్మం వైపు తిరిగి "మామా, అచ్చినయి" అని పెదాలు కదిపేదాన్ని. ఆయన లేచి పోయి సాంచాలు ఆపేవాడు. నడిచే సాంచాను అలా ఆపి మళ్లీ నడిపితే బట్టలో అడ్డంగా గీత పడుతుంది. గీత పడ్డ బట్ట ఎవరూ తీసుకోరు. మూడో రోజు అత్త బట్టంతా విప్పి చూసి నెత్తి కొట్టుకుంది. "పిట్టల కోసం సాంచా ఆపెటోన్ని నిన్నే సూసిన!"

ఆ తిట్లన్నీ ఆమె పెదాల మీద ఓపికగా చదువుకొని, మామ కత్తెర తీశాడు. గీతలు పడ్డ ఆ బట్టతోనే పూలకు టోపీలు కుట్టాడు. అంచుకు దారం నాడా పెట్టి, పువ్వుకు తొడిగి, ఒంటిచేత్తో నేతగాళ్ల ముడి వేశాడు. నా పొద్దుతిరుగుళ్లు మంకీ క్యాపులు పెట్టుకొని బడికి బయల్దేరిన పిల్లల్లా నిలబడ్డాయి. ఎనిమిది పూలకు ఏడే టోపీలు. ఇంకోటేదని అడిగితే, "గదొక్కటి చిలుకలకు ఇడిచిపెట్టు. గవి గూడ మన గల్లియే గదా" అన్నాడు.

ఆ ఏడు అమ్మ చేతిలో గింజలు పోసి వచ్చాను. ఇప్పటికి ఐదేళ్లు, ఏటా అదే గోడ పక్కన ఎనిమిది మొక్కలే పెడుతున్నాను. పూలు కోశాక టోపీలు అత్త ఉతికేది, మామ మడతపెట్టి దాచేవాడు. గింజలు రాల్చే రోజు వచ్చి నా పక్కన కూర్చొని, నాలుగు జేబులో వేసుకొని, "ఇయ్యి నా టోపీల కూలి" అనేవాడు. నాకు మా అమ్మ విత్తనం నిలిచిందంటే ఆయన వల్లనే. ఆ మాట ఆయన ముందు ఒక్కసారైనా సరిగ్గా అన్నానో లేదో.

ఈసారి కూడా రేకులు వాడాయి. చిలుకలు వచ్చి వైర్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాయి. "రేపు పొద్దుగాల టోపీలు పెడ్దాం" అని ఆదివారం మామ అన్నాడు. సోమవారం పొద్దున ఆయనే లేడు. ఆ రోజంతా పూల సంగతి నా మనసులోకి రాలేదు. సాయంత్రం ఇంటికొచ్చి పెరట్లోకి పోయాకే గుర్తొచ్చింది. ఎనిమిది పూలూ బోడి తలలతో ఉన్నాయి. విత్తనం పోయిందనే అనుకున్నాను. దగ్గరికి పోయి ఒక్కొక్కటీ తడిమి చూస్తే ఒక్క గింజ కూడా పోలేదు. మామ కోసం పొద్దంతా సాంచాలు బంద్ ఉన్నాయి. ఒక్క చిలుకా వాలలేదు. అక్కడే నిలబడి కడుపునిండా ఏడ్చాను. ఆ ఏడుపులో బాధ కన్నా తృప్తే ఎక్కువ ఉంది.

మర్నాడు పొద్దున్నే అత్త గోడ మీంచి టోపీల మూట అందించింది. "ఏడే ఉన్నయి, ఎనిమిదోదాని కోసం ఎతకకు" అంది. మామ ఎన్నిసార్లు చూపించినా నాకు ఆ ఒంటిచేతి ముడి రాలేదు. రెండు చేతులతో బండ ముడులు వేశాను. ఓ గంటకు గల్లీలో సాంచాలు మొదలయ్యాయి. వెంటనే చిలుకలు దిగి, టోపీ లేని పువ్వు మీద వాలాయి. నేను షెడ్డు గుమ్మం వైపు తిరిగి, "మామా, అచ్చినయి" అని చప్పుడు లేకుండా పెదాలు కదిపాను.