నాయన నా సినిమా చూసిన రోజు

ఉత్తమ నటుడి అవార్డు నాకే వచ్చిందని దర్శకుడు ఫోన్ చేసినప్పుడు నేను మొదట అడిగిన మాట, "టీవీలో ఆ సీన్ వేస్తారా?" అని.

ఆయన నవ్వాడు. "అదే వేస్తారు. అవార్డు వచ్చింది దానికే కదా!"

నందికొట్కూరు దగ్గర మా ఊళ్లో నాయన ఆ సీన్ చూస్తాడు. పదిహేడేళ్లుగా నేను ఆయన దగ్గర దాచింది అందులో ఉంది.

నేను ఇంటర్ తప్పిన ఏడు వానల్లేక మా చేను బీడు పడింది. నాయన ఎర్రగుంట్ల వైపు సున్నపురాయి గనిలో కూలికి కుదిరాడు. నేనూ వెంట వెళ్లాను. రోజూ మధ్యాహ్నం గనిలో రాయి పగలడానికి తూటాలు పేల్చేవాళ్లు. ముందు మూడుసార్లు సైరన్ మోగేది. మూడోది మోగేలోపు కూలీలందరూ దూరంగా ఉన్న రేకుల షెడ్డు చేరాలి.

ఒకరోజు నేను ఒంటేలుకని రాళ్ల చాటుకు వెళ్లాను. మొదటి సైరన్ నాకు వినపడనే లేదు. రెండోది మోగేసరికి షెడ్డు చాలా దూరంలో కనిపించింది. పక్కనే చెడిపోయి ఆగిన లారీ ఉంటే దాని కిందికి దూరాను. షెడ్డులో నేను కనపడక నాయన బయటికి వచ్చాడు.

"యాడుండావురా? పలకరా, అప్పా!"

ఆ గొంతు దగ్గరకొచ్చింది. టైర్ల సందులోంచి ఆయన కాళ్లు కూడా కనిపించాయి. 'ఈడ' అని ఒక్క మాటంటే చాలు. నా నోరు తెరుచుకోలేదు. చొక్కా కాలర్ పళ్ల మధ్య కరిచిపట్టుకుని కళ్లు మూసుకున్నాను. మూడో సైరన్ మోగింది. నేల అదిరింది.

కడప ఆసుపత్రిలో, రాయి పడి నుజ్జయిన నాయన ఎడమకాలు మోకాలి పైదాకా తీసేశారు. నేను ఆవలి వైపు జారిపడి స్పృహ తప్పానని అందరికీ చెప్పాను. నాయన ఏమీ అడగలేదు. "నువ్వు బాగుండావు, అదే సాలు," అన్నాడు. నన్ను చూడకుండా గోడ వైపు చూస్తూ అన్నాడు. ఆయనకు అనుమానం వచ్చిందనుకున్నాను.

చంకలో కర్రతో ఆయన గడప దాటడం చూడలేకే హైదరాబాద్ బస్సెక్కాను. చర్చిలో క్రిస్మస్ నాటకాలు వేసిన ధైర్యం తప్ప నాకు నటన ఏమీ తెలియదు. మనిషి నల్లగా, గట్టిగా ఉన్నాడని సినిమాల్లో విలన్ వెనక కత్తి పట్టుకుని నిలబెట్టారు. ఏళ్ల తరబడి మాట లేకుండా చచ్చిపోయాను. సీమ యాస నాకు వచ్చు కానీ, ఆ యాసలో మాట్లాడే అవకాశం వేరేవాళ్లది.

చివరికి ఈ దర్శకుడు గని కూలీల మీద సినిమా తీస్తూ నన్ను పెద్ద వేషానికి పిలిచాడు. కథ తెలిసి వద్దనబోయాను. అలాంటి పిలుపు మళ్లీ రాదని భయపడి ఒప్పుకున్నాను. ఎర్రగుంట్ల దగ్గర మూతపడిన గనిలో షూటింగ్. సైరన్ వినగానే షెడ్డు వైపు పరిగెత్తాలి, నేను చేయాల్సింది అంతే.

సైరన్ మోగింది. ఎలా పరిగెత్తానో నాకు గుర్తులేదు. జనరేటర్ లారీ కింద దూరి కాలర్ కరుచుకుని ఉన్నాను. కెమెరా నా వెంటే వచ్చిందట. కట్ చెప్పాక కూడా బయటికి రాలేకపోయాను. ప్యాంటు తడిసిపోయింది. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతున్నారు.

అవార్డు ప్రకటించిన వారానికి, టీవీలో ఇంకా వేయకముందే, మా ఊరి పాస్టర్‌గారు ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టి సినిమా వేయించారు. రాలేనని చెప్పడానికి ఎన్నో సాకులు వెతికి, చివరికి వెళ్లాను. నాయన ముందు వరసలో కూర్చున్నాడు. నేను వెనక గోడకు ఆనుకుని ఆయన వీపే చూస్తున్నాను. సైరన్ వినపడగానే ఆయన చెయ్యి తడుముకుంటూ కర్రను పట్టుకుంది. సినిమా అయ్యాక జనం నా చుట్టూ మూగారు. ఆయన మాత్రం ఒక్కడే ఇంటికి నడిచాడు.

నేను వెళ్లేసరికి వసారాలో మంచం మీద ఉన్నాడు.

"ఆ పొద్దు లారీ కింద ఉండావు కదూ?"

"ఉండా నాయనా."

"నేను పిలిస్తే ఇనపడిందా?"

ఈ ప్రశ్నకు భయపడే నేను ఇన్నేళ్లు ఊరికి సరిగా రాలేదు. "ఇనపడింది. నోరు రాలేదు నాయనా. భయమైంది."

కొడతాడేమో, కొట్టినా బాగుండు అనిపించింది.

"నాకూ అయింది," అన్నాడు. "నిన్ను ఎతుక్కుంటా వచ్చినోణ్ణి, మూడోది మోగంగానే నిన్ను ఇడిసిపెట్టి షెడ్డు తట్టు పరిగెత్తినా. రాయి ఎనక నుంచి తగిలింది. నువ్వు యాడన్నా ఉండి చూసింటావేమోనని శానా భయపడినా. ఊరికి రాకపోతే, అందుకే రాలేదనుకుంటి."

నేను ఏమీ చూడలేదని, కళ్లు మూసుకున్నానని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేక వీధి వైపు చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి అమ్మ లోపల్నుంచి అన్నానికి పిలిచింది. నాయన లేవబోతూ, ఎప్పుడూ లేనిది, పట్టుకోమని నా వైపు చెయ్యి చాపాడు.

భయం పోయిందని చెప్పను. తర్వాతి సినిమా మొదటిరోజు కూడా చొక్కా కాలర్ కొరుకుతూ కూర్చున్నాను. మేకప్ వేస్తున్న పెద్దాయన చూసి, "ఏమైంది సార్?" అని అడిగాడు. "భయంగా ఉంది," అన్నాను. ఆ మాట ఒక మనిషితో పైకి చెప్పడం నా జీవితంలో అది రెండోసారి.