నందివర్ధనానికి పోసిన నీళ్ళు

మా పిన్ని మొన్న బుధవారం పొద్దున తెనాలిలో పోయింది. బాపట్లలో ఉన్న నాకు బాబాయి ఫోన్ చేసి, “అయిపోయిందమ్మా” అని మాత్రం అన్నాడు. ఏంటని నేను అడగలేదు. ఆ మాట ఎప్పుడు వినాల్సి వస్తుందోనని చాలాకాలంగా భయపడుతూనే ఉన్నాను.

పిన్ని రేపల్లెలో లెక్కల టీచరు. నాకు లెక్కలంటే భయం పోగొట్టింది ఆవిడే. “రాకపోతే మళ్ళీ చెయ్యవే, లెక్క ఎక్కడికి పోద్ది?” అనేది. రోజూ తెనాలి నుంచి బస్సులో వెళ్ళొచ్చేది. ఆవిడకి క్రోన్స్ అని, పేగుల్లో పుండ్లు పడే జబ్బు. కడుపులో మెలిపెట్టిందంటే ఆగదు. ఒకరోజు కాలవ గట్టు మీద బస్సు ఆపమని డ్రైవర్ని బతిమాలుకోవాల్సి వచ్చింది. బస్సులో తన దగ్గర చదివే పిల్లలు కూడా ఉన్నారు. ఆ మర్నాటి నుంచి ఇంట్లో బయల్దేరి మళ్ళీ ఇంటికి చేరేదాకా చుక్క నీళ్ళు మింగలేదు.

సీసా మాత్రం తీసుకెళ్ళేది. నోరు పిడచగట్టుకుపోతే పుక్కిలించి ఊసేది. సాయంత్రం గేటు తీయగానే, చెప్పులైనా విప్పకుండా, మిగిలిన నీళ్ళు నందివర్ధనం మొదట్లో పోసేది.

“విరేచనాల్లో ఒంట్లో నీళ్ళన్నీ పోతున్నాయి. మీరేమో తాగట్లేదు. కిడ్నీల్లో రాళ్ళు ఊరికే వచ్చాయా అమ్మా?” అని డాక్టరు కోప్పడ్డాడు. “అలాగేనండి, తాగుతానండి” అంది. బయటికొచ్చాక నాతో, “ఆయనకేంటే, గదిగదికీ బాత్రూం ఉంది. మా బడిలో తలుపుకి గడియే లేదు” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ లేని గడియ మీద నాకు ఇప్పటికీ కోపమే.

రాళ్ళు తీయించుకుంది, మళ్ళీ వచ్చాయి. చివరికి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. డయాలసిస్ మొదలయ్యాక తాగిన నీళ్ళు బయటికి పోవు కాబట్టి కొలిచి ఇవ్వమన్నారు. బాబాయి చిన్న స్టీలు గ్లాసుతో పోసేవాడు. గొంతు తడిసేలోపే అయిపోయేది.

“ఇన్నాళ్ళూ తాగమని చంపారు కదే. ఇప్పుడు తాగుతానంటే ఇవ్వరేంటి?” అని చిన్నపిల్లలా అడిగింది. బాబాయి గ్లాసు కడిగే మిషతో లోపలికి వెళ్ళిపోయాడు.

నేను తెనాలి చేరేసరికి, శవప్పెట్టెలో పిన్ని చుట్టూ పెట్టడానికి పూలు తెస్తామన్నారు చర్చివాళ్ళు. బాబాయి వద్దని చెప్పి గేటు దగ్గరికి నడిచాడు. నందివర్ధనం ప్రహరీ దాటి పెరిగింది, ఆకు కనిపించకుండా పూసింది. పిన్ని తాగాల్సిన నీళ్ళన్నీ తాగిన చెట్టు అది. ఆయన కొమ్మలు వంచి కోస్తుంటే నేను కొంగు పట్టాను. పెట్టె నిండిపోయింది. చెట్టుకి ఇంకా ఉన్నాయి.