మందు బంద్

చాలా ఏళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మీకు చెబుతున్నాను, ఇంకెవరికీ చెప్పలేదు. మరీ పెద్ద బరువేం కాదు, ఒక మనిషి నెత్తి మీది వెంట్రుకలంత. కాకపోతే ఆ నెత్తి నాది కాదు.

తెలంగాణ ఉద్యమం రోజులు. నాది నర్మెట్ట, సమ్మన్నది చిట్యాల. జనగామలో ఒకే గదిలో ఉండి డిగ్రీ చదివేవాళ్లం. దీక్షా శిబిరంలో తను పాడేవాడు, నేను మైకు వైరు సర్దేవాణ్ని. తల ఊపి పాడితే జుట్టు ఎగిరేది. రానురాను ఊపడం తగ్గించాడు, నడినెత్తి కనబడుతోందని. అప్పుడే మానుకోటలో సంబంధం మాట్లాడుతున్నారు. పిల్ల నచ్చింది. అందుకని దవాఖానకు పోయి, జుట్టు రాలకుండా తలకు రాసుకునే మందు తెచ్చుకున్నాడు.

కొన్నాళ్లకు జుట్టు ఇంకా ఎక్కువ రాలింది. మందు డబ్బాలోని కాగితం పట్టుకుని శిబిరంలో నా పక్కన కూర్చున్నాడు. తను తెలుగు మీడియం. కాగితమంతా సన్నటి ఇంగ్లీషు.

"జర సదివి చెప్పురా. పరేషాన్ అయితాంది. రాసినకొద్దీ రాలుతున్నయ్."

చదివాను. మొదట్లో కొంత రాలడం మామూలేనని, ఆపకుండా వాడాలని స్పష్టంగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు నా మొహం చూస్తున్నారు, ఏదో జోకు వస్తుందని. వచ్చింది.

"నీ నెత్తికి పడలేదంట. బస్సులు బంద్, కాలేజీలు బంద్. మందు గూడ బంద్ పెట్టు!"

శిబిరమంతా ఘొల్లుమంది. సమ్మన్న నవ్వలేదు.

"నిజంగనే గట్ల రాసిందారా?"

"గట్లనే రాసింది."

మొదటి మాట జోకే, ఒప్పుకుందాం. మరి రెండోది? చప్పట్లన్నీ తనకే పడుతున్నాయనా? మానుకోట పిల్ల ఫొటో గదిలో అందరికంటే ఎక్కువసేపు నేనే చూశాననా? అవుననడానికి సిగ్గు. కాదనడానికి ధైర్యం లేదు.

మందు ఆపేశాడు. జుట్టు పలచబడిపోయింది. ఒకరోజు శిబిరంలో కొందరు నిరసనగా గుండ్లు గీయించుకుంటుంటే తనూ కూర్చుని, రాష్ట్రం వచ్చేదాకా జుట్టు పెంచనని మైకులో ప్రకటించాడు. మైకు అందించింది నేనే. మానుకోట వాళ్లు కూడా పెళ్లికి తొందరపెట్టకుండా గౌరవంగా ఆగారు.

రాష్ట్రం వచ్చింది. గుండ్లన్నీ నల్లబడ్డాయి. సమ్మన్నకు చెవుల పక్కన మాత్రమే వచ్చింది.

"ఏందే సమ్మన్నా, రాష్ట్రమొచ్చె. జుట్టు రానీకి ఇంక జనగామ జిల్లా గూడ రావాల్నా?" అని ఆటపట్టించారు. మానుకోట వాళ్లు వచ్చి చూసి, టీ తాగి, వేరే సంబంధం కుదుర్చుకున్నారు.

మందు ఆపకపోయినా ఆ జుట్టు నిలిచేదని ఎవరూ చెప్పలేరు. ఈ వాక్యాన్ని ఇన్నేళ్లు దిండులా తల కింద పెట్టుకున్నాను. నిద్ర మాత్రం సరిగా పట్టలేదు.

సమ్మన్నకు ఇప్పుడు భూపాలపల్లిలో ఉద్యోగం. పెళ్లి కాలేదు. మొన్న కలిశాడు.

"డాక్టర్ మళ్ల గదే మందు రాసిండురా. నాకు పడదని వద్దన్న. నాడు నువ్వు సదివి చెప్పకుంటే ఉన్నయి గూడ పోతుండె."

నేను నవ్వాను. అదొక్కటి నాకు బాగా వచ్చు.

పడకపోవడం కాదు. ఆ కాగితంలో ఆపమని లేదు. నేను అబద్ధం చదివాను. తనకు చెప్పవలసింది ముందు మీకు చెప్పాను, అందులోనూ పిరికితనం ఉందని తెలుసు. క్షమించమనడం లేదు. రాశాక గుండె మీద ఏదో కొంచెం పక్కకు జరిగింది.