సాంచ ఎవరి మాట?

మా చిన్నప్పుడు... సూరత్‌లో, బమ్రోలిలోని మా ఒంటిగది ఇంట్లో గుజరాతీ మాట నోరు జారిందంటే అడిగింది దొరికేది కాదు. "పాణీ" అంటే గ్లాసు చేతికి రాదు, "నీళ్లు" అనాల్సిందే. మా నాన్న, అదే మా బాపు, పెట్టిన చట్టం. అంతకుముందు ఎండాకాలం మా సొంతూరు సిరిసిల్ల వెళ్తే మా పెదనాన్న పిల్లలు నా తెలుగు విని పడీపడీ నవ్వారు. బాపుకు తల కొట్టేసినట్టయిందట!

ఒకరోజు బడి నుంచి వచ్చి, "బాపూ, నా సంచో పోయింది... కొత్తది కొనియ్యి, రేపు డ్రాయింగ్ పరీక్ష" అన్నాను.

అన్నం కలుపుతున్న బాపు చెయ్యి ఆగిపోయింది. "సాంచ పోవుడేంది? ఇప్పుడే గదా నడిపి వచ్చిన!"

సాంచ అంటే బాపు నడిపే మరమగ్గం. నాకు కావలసిందేమో పెన్సిల్ చెక్కుకునేది. బళ్లో దాన్ని సంచో అనే అంటారు మరి... నేనేం చేసేది?

సంగతి తెలిశాక పట్టు పట్టాడు. "గుజరాతీల గాదు, తెలుగుల అడుగు. అప్పుడే కొనిస్త."

దానికి తెలుగేమిటో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు! చివరికి అమ్మే విసుక్కుని, "షార్పనర్ అనవే, పీడ పోతది" అంది.

"ఆఁ... గిట్ల తెలుగుల చెప్పాలె" అన్నాడు బాపు.

నాకు ఒళ్లు మండిపోయింది. పక్కింటి గుజరాతీ మాసీ తన కుట్టుమిషన్‌ను కూడా సంచో అనడం రోజూ వింటున్నాను. వాళ్లకు ఏ యంత్రమైనా సంచోనే. అక్కసుకొద్దీ అనేశాను. "నీ సాంచ గూడ గుజరాతీదే బాపూ! మగ్గం అను, లేకుంటే నీకు అన్నం లేదు."

"సాంచ మనదే! మా నాయిన గూడ గదే అంటుండె" అని అరిచాడు కానీ, గొంతులో పస లేదు.

షార్పనర్ కొనిచ్చాడు. రెండు రోజులు పంతానికి "మగ్గం కాడికి పోతున్న" అన్నాడు... ఆ మాట ఆయన నోట అతకలేదు. మూడో రోజు నుంచి నన్ను దిద్దడమే మానేశాడు. గెలిచానని ఎగిరి గంతేశాను, పిచ్చిదాన్ని!

ఇప్పుడు మా అబ్బాయికి వరుసగా నాలుగు తెలుగు ముక్కలు రావు. "జర వానికి తెలుగు చెప్పు బాపూ" అని బతిమాలితే, "ఏది మనదో ఏది కాదో నాకేం ఎరుక బిడ్డా" అంటాడు. నా మీద నాకే కోపం వస్తుంది...

మీ ఇళ్లలోనూ ఇలా ఎక్కడి నుంచో వచ్చి కూర్చున్న మాటలుంటాయి కదా, రాయండి... బాపుకు చదివి వినిపిస్తాను. ఒక్కదానికైనా "ఇది మనదే" అని లేచి నాతో గట్టిగా కొట్లాడితే చాలు.