తిప్పతీగ, ఉత్తనీళ్ళు

నా తెలివితక్కువతనం వల్ల ఒక మనిషి కొలువు పోయింది. ముందే చెబుతున్నాను, నవ్వండి, కానీ నన్ను చూసే నవ్వండి.

అప్పుడు షామీర్‌పేట దాటాక ఉన్న ఒక ల్యాబ్‌లో నాకు కొత్త ఉద్యోగం. ఒంట్లోకి జొరబడిన సూక్ష్మజీవులను పసిగట్టే రక్షణ కణాల మీద మా పని. దేవరయాంజాల్‌లో మా పొలం కంచెకు పాకిన తిప్పతీగను నూరి, నీళ్ళలో కలిపి, ఆ కణాలకు పోశాను. శత్రువు వచ్చాడన్నట్టు ఒక్కసారిగా లేచాయి!

"ఉత్తనీళ్ళు కూడా పోసి చూశారా అండీ?" అని అడిగారు సుజాత గారు. మచ్చ బొల్లారం నుంచి రెండు బస్సులు మారి వచ్చే కోస్తా మనిషి, ఆ పనిలో నాకంటే పదేళ్ళు ముందున్న టెక్నీషియన్.

"నీళ్లకు కణాలు లేస్తయా మేడం? ఉత్తగ పరేషాన్ అయితరు మీరు."

"అసలు ఏ నీళ్ళు వాడారు?"

"మనం కొనే శుద్ధమైన నీళ్ల సీసా అయిపోయింది. నల్లా నీళ్లే ఆవిరిల ఉడికించిన. పురుగులన్నీ సచ్చినయ్, ఇగ భయమేంది?"

"చచ్చినా సరే..." అని ఆవిడ మొదలుపెట్టారు. నేను అప్పటికే నాయినకు ఫోన్ కలిపాను.

"గా తిప్పతీగ మందైతదా? శాబాష్ కొడకా!"

ప్లాట్లు, పాలిటిక్స్ రెండూ చేసే మా నాయినకు అంతకంటే ఏం కావాలి? మర్నాటికల్లా తూంకుంట చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. మధ్యలో తెల్లకోటుతో నేను, చుట్టూ గుండ్రటి ఫొటోల్లో పద్నాలుగు మంది నాయకులు.

మా ప్రాజెక్టును నడిపించే పెద్దలు అదే దారిన వస్తూ దాన్ని చూశారు. "మా ముందు చేయండి. ఉత్తనీళ్ళు కూడా పోయండి," అన్నారు. పోశాను. ఉత్తనీళ్ళకూ కణాలు అంతే లేచాయి.

"సూక్ష్మజీవి చచ్చినా దాని పైతొక్క ముక్కలు నీళ్ళలోనే ఉంటాయండీ. కణాలు గుర్తుపట్టేది వాటినే," అన్నారు సుజాత గారు.

పామూ చచ్చింది, కర్రా విరగలేదు, విషం మాత్రం నా సీసాలోనే మిగిలింది!

ప్రాజెక్టు ఆపేశారు. దాంతోపాటే సుజాత గారి కొలువు పోయింది. నాదీ పోవాల్సిందే. నాయిన ఎవరికో ఫోన్ చేశాడు, నన్ను ఇంకో ప్రాజెక్టులో వేశారు. సిగ్గుతో చావాల్సినవాణ్ణి, జీతం తీసుకున్నాను.

ఆవిడ వెళ్ళే రోజు అన్నాను: "తప్పయింది మేడం. నాయినకు చెప్పి మీకు గూడ..."

"వద్దండీ. మా ఇంట్లో ఫోన్లు చేసేవాళ్ళు లేరు. అందుకే నేను పని నేర్చుకున్నాను."

కాబట్టి గుండె మీద చెయ్యి వేసుకుని ప్రతిజ్ఞ చేస్తున్నాను: పని తెలిసినవాళ్ళు చెబుతుంటే ఇక జన్మలో మధ్యలో అడ్డుపడను. ఇప్పుడు ఆ ల్యాబ్‌లో నాకు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు గనుక, ప్రతిజ్ఞ చక్కగా నిలబడుతోంది.