మెడ కదపని పావురం

దయ్యం వార్త అంటే మా పత్రిక డెస్కు వాళ్లు నన్నే పంపేవారు. నస్పూర్ గని కార్మికుల క్వార్టర్లలో తలుపుల చప్పుడు, సుల్తానాబాద్ రైస్ మిల్లులో ఏడుపు, ఇలాంటివి చాలా చూశాను. ప్రతిదానికీ ఏదో ఒక కారణం దొరికింది. దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం కలగలేదు. ఈ ఒక్క సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

మా అక్క కూతురు స్రవంతి హైదరాబాద్‌లో ఒక పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. పావురాలు దేన్ని ఎలా గుర్తుపడతాయో మెదడు స్కానింగ్‌లో చూడటం వాళ్ల పని. మత్తు ఇస్తే ఆలోచన అందదు కాబట్టి పక్షి మెలకువగానే ఉండాలి. తల కదిలితే బొమ్మ చెదిరిపోతుంది కాబట్టి కదలకుండా ఉండాలి. మచ్చికైన పావురం ఒకటి ఇప్పించమని నన్నడిగింది.

కరీంనగర్‌లో గాజుల దుకాణం నడిపే ఖాజా నాకు పాత పరిచయం. దుకాణం పైన డాబా నిండా పావురాలే. నా మాట కాదనలేక ఒక మగదాన్ని ఇస్తానన్నాడు. కానీ పావురాలు పెంచేవాళ్లు జోడీని విడదీయరు.

"ఒకటి ఆడ, ఒకటి ఈడ ఉంటే రెండూ పరేషానైతయి సాబ్. తీస్కపోతే రెంటినీ తీస్కపోండ్రి."

స్రవంతికి ఒక్కటి చాలు. "ఏం కాదు ఖాజా, జర ఫొటోలు తీసి పంపిస్తరు, గంతే" అన్నాను.

కొన్నాళ్లకు హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆ పావురాన్ని చూశాను. నడినెత్తిన ఈకలు తీసి, పుర్రెకు చిన్న ప్లాస్టిక్ ముక్క అతికించారు. ఒళ్లంతా గుడ్డలో చుట్టి, ఆ ముక్కను ఒక చట్రానికి బిగించారు. స్కానింగ్‌కు అలవాటు పడాలని రోజూ పొద్దున కొంతసేపు అలా ఉంచుతారట. అతికించేటప్పుడు మత్తు ఇచ్చామనీ, నొప్పి లేదనీ స్రవంతి చెప్పింది. పావురం తల కదల్లేదు గానీ కన్ను నావైపు తిరిగింది. ఖాజాకు చెప్పాలనుకుంటూనే ఊరికి వచ్చాను. చెప్పలేదు.

తర్వాత ఖాజానే ఫోన్ చేశాడు. జోడీలో మిగిలిన ఆడది పొద్దున పూట అదోలా కూర్చుంటోందన్నాడు. వెళ్లాను.

పావురం నడుస్తుంటే మెడ ముందుకూ వెనక్కూ ఆడుతుంది. నిలబడినా తల ఒకచోట ఆగదు. ఇది మాత్రం గోడవారన రెక్కలు ఒంటికి బిగించుకుని నిర్మల్ కొయ్యబొమ్మలా ఉంది. జొన్నలు చల్లినా మెడ తిప్పలేదు. కన్ను మాత్రం గింజల వెంట పోయింది. ఆ భంగిమ నేనెక్కడ చూశానో నాకు తెలుసు.

కాసేపటికి ఒళ్లు విదిలించుకుని గింజల దగ్గరికి నడిచింది. నేను మెట్ల మీదికి వచ్చి స్రవంతికి ఫోన్ చేశాను.

"ఇప్పుడే చట్రంలకెల్లి దింపినం మామా" అంది.

మర్నాడు ఆ పనిని మధ్యాహ్నానికి మార్చమన్నాను. ఎందుకో చెప్పలేదు. పొద్దున ఆడది అన్నిటితో కలిసి తిరిగింది. మధ్యాహ్నం ఎండలో, నేను చూస్తుండగానే, గోడవారకు నడిచి బిగుసుకుంది.

అప్పుడు స్రవంతికి అంతా చెప్పాను. జోడీ దూరమైతే పావురాలకు దిగులుంటుందని ఏదో వివరించబోయి, మధ్యలో ఆగిపోయింది. స్కానింగ్ దాకా పోనివ్వలేదు. ముక్క తీయించి, పుండు మానాక పావురాన్ని నా చేతికిచ్చింది.

ఖాజా దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తల నిమిరాడు. వేళ్లు నడినెత్తిన ఈకలు లేని చోట ఆగాయి. ఆ గట్టి మచ్చను రెండుసార్లు తడిమి చూశాడు.

"ఫొటోలన్నరు గద సాబ్."

ఎప్పటిలాగే నాకు చాయ్ తెప్పించాడు. ఆ చాయ్ నేను తాగలేకపోయాను.

ఇప్పుడు జోడీ బాగానే ఉంది, గుడ్లు కూడా పెట్టింది. ఆడదానికి ఎలా తెలిసిందో నేను చెప్పలేను. నేను డాబా ఎక్కినప్పుడు మాత్రం దాని మెడ ఆగిపోతుంది. కన్నొక్కటే నావైపు తిరుగుతుంది. నేను దిగిపోయాక మళ్లీ మామూలుగానే తిరుగుతుందని ఖాజా అంటాడు.

అందుకే ఈమధ్య కింద దుకాణం దగ్గరే మాట్లాడి వచ్చేస్తున్నాను.